తుమ్మకంపకు ఒకటి, బత్తాయికి ఒకటి: మన దిక్కు పనులకు ఏ కత్తి కొనాలి

కత్తి కొనేముందు తేల్చుకోవాల్సింది కంపెనీ పేరో ఉక్కు పేరో కాదు. దానితో నరుకుతారా, కోస్తారా అన్నది. నరకడానికి బరువు, మందం కావాలి. కోయడానికి పలుచదనం కావాలి. ఈ రెండు గుణాలు ఒకే ఇనుప ముక్కలో ఇమడవు. వెన్ను 5 మిల్లీమీటర్లున్న కత్తితో టమాటా కోస్తే చితుకుతుంది. 2.5 మిల్లీమీటర్ల చాకుతో సర్కారు తుమ్మ మొదలును కొడితే అంచు పెచ్చు లేస్తుంది. అన్ని పనులకూ ఇదొక్కటి చాలు అని అమ్మే మందపాటి కత్తులు రెండు పనుల్లోనూ వెనకబడేది ఇందుకే.

అందుకే మా సలహా ముందే చెప్పేస్తున్నాం. పాలమూరు చెలకల్లో పనిచేసేవాళ్లయినా, నల్లగొండ బత్తాయి తోటల వాళ్లయినా ఖరీదైన కత్తి ఒకటి కొనే బదులు మామూలువి రెండు పెట్టుకోండి. లారీ కమాను పట్టాతో ఊరి కమ్మరి చేసిన కమాను కత్తి ఒకటి, పది సెంటీమీటర్లకు మించని పలుచటి చాకు ఒకటి. చాకుల్లో ఏది మేలన్నదే ఎక్కువమంది అడిగే ప్రశ్న. కానీ కమాను కత్తిని ఎట్లా చేయించుకోవాలో తెలియక పోయే డబ్బు తక్కువేం కాదు. అక్కణ్నుంచే మొదలుపెడదాం.

కమ్మరి చేతి కమాను కత్తి

లారీ కమాను పట్టాలో కార్బన్ అర శాతం నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది. లక్షల సార్లు వంగి మళ్లీ లేచేందుకు చేసిన ఉక్కు అది. కంప కొట్టేటప్పుడు గణుపు తగిలినా, కింద రాయి తగిలినా అంచు వంగుతుందేమో గానీ కత్తి విరగదు. ఇళ్ల కట్టుబడికి వాడే సలాకలో కార్బన్ పావు శాతం చుట్టుపక్కలే. దాన్ని ఎంత కాల్చి ముంచినా కత్తికి కావలసినంత గట్టిపడదు. సాన పట్టగానే రెండూ ఒకేలా మెరుస్తాయి, ఒకేలా తెగుతాయి. తేడా రెండో రోజు తెలుస్తుంది.

వీలైతే ఇనుప సామాను పాత కొట్లో కమాను ముక్క మీరే తెచ్చి కమ్మరికి ఇవ్వండి. విరిగిన పట్టా మాత్రం వద్దు. ఒకచోట విరిగిందంటే ఆ పక్కన కంటికి కనపడని పగుళ్లు ఇంకా ఉండే అవకాశం ఎక్కువ. నడుమ బోల్టు రంధ్రం ఉన్న భాగానికి కూడా దూరంగా ఉండే ముక్క తీసుకోవాలి.

కొలతలు నోటితో చెప్పి వదిలేయకండి, అట్టముక్క కత్తిరించి చేతికివ్వండి. అంచు పొడవు 20 నుంచి 22 సెంటీమీటర్లు, వెన్ను మందం 4 నుంచి 5 మిల్లీమీటర్లు, పిడితో కలిపి బరువు 400 నుంచి 500 గ్రాములు. పూటంతా కంప కొట్టినా మణికట్టు నొప్పి పుట్టని బరువు ఇది. అన్నిటికంటే ముఖ్యం, అందరూ వదిలేసేది అంచు వెనక మందం. కొలిమి నుంచి వచ్చిన కత్తికి పదును గీత పైన మిల్లీమీటరున్నర దాకా మందం ఉండిపోతుంది. అటువంటి కత్తికి ఎంత పదును పెట్టినా కొమ్మలోకి దిగదు, ఉలిలా చీల్చుకుంటూ పోతుంది. ఆ మందాన్ని అర నుంచి 0.7 మిల్లీమీటరుకు సన్నబరచమని అడగాలి. దానికి అరగంట అదనపు కూలి ఇచ్చినా నష్టం లేదు.

తర్వాత కాల్చి ముంచే పని. కమాను ఉక్కును నీళ్లలో ముంచితే అంచు పగిలే ప్రమాదం ఉంది. నూనెలో ముంచాలి. వాడేసిన ఇంజన్ ఆయిలు పొగ, వాసన ఎక్కువ కొట్టినా పనికొస్తుంది. ముంచగానే కత్తి గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని శుభ్రంగా రుద్ది మెరిసేట్టు చేసి, మళ్లీ సన్నటి వేడి మీద పెట్టి రంగు చూడాలి. గడ్డి రంగు అంటే 220 నుంచి 240 డిగ్రీలు, చిన్న చాకులకు సరిపోతుంది. ఊదా రంగు అంటే 280 డిగ్రీల దగ్గర, నరికే కత్తికి అదే కావాలి. నీలం తిరిగిందంటే 300 డిగ్రీలకు చేరినట్టు, అక్కడితో ఆపకపోతే అంచు మెత్తబడుతుంది. ఈ రెండో వేడి పెట్టకుండా ఇచ్చిన కత్తులే మొదటి వారంలో పెచ్చులూడేది.

డబ్బులిచ్చే ముందు జేబులోంచి చిన్న ఆకురాయి తీసి అంచు మీద ఒక్కసారి గీయండి. గాజు మీద జారినట్టు పూర్తిగా జారిపోతే కత్తి మరీ పెళుసు, రెండో వేడి పడలేదు. వెన్నలో దిగినట్టు దిగితే మెత్తది, కాల్చి ముంచడం సరిగా జరగలేదు. కష్టంగా, కొద్దిగా పొడి రాల్చుతూ పట్టుకుంటే తీసుకోండి. వెన్ను వైపు మాత్రం అంచు కంటే మెత్తగా ఉన్నా పరవాలేదు, ఇంకా మంచిది.

పిడికి నల్ల తుమ్మ కర్రే మేలు. పిడి లోపలికి పోయే బ్లేడు కొసను, అంటే తోకను, ఎర్రగా కాల్చి కర్రలో దింపే పద్ధతి పాతది, బాగానే పనిచేస్తుంది. కానీ ఏప్రిల్, మే ఎండలకు కర్ర కుదించుకుని పిడి వదులవుతుంది. నీళ్లలో నానబెడితే ఆ పూటకు బిగుస్తుంది, ఆరగానే మళ్లీ ఊగుతుంది. మెడ దగ్గర ఇనుప పొన్ను వేయించి, రంధ్రంలో అరల్డైట్ జిగురు పోసి తోక దింపితే ఏళ్ల తరబడి కదలదు. ఊగే పిడితో నరకడం చాలా ప్రమాదం. జారిన కత్తి పోయేది మోకాలి మీదికే.

ఇనుము కోసే యంత్రానికి వాడే పవర్ హాక్సా రంపం బ్లేడుతో చేసిన కత్తులు కూడా సంతల్లో దొరుకుతాయి. ఆ ఉక్కు పదును చాలాకాలం నిలుపుతుంది, సాన రాయి వేడికి కూడా మెత్తబడదు. అయితే పెళుసు. ఇంట్లో కూరగాయలకు, మాంసానికి భేషుగ్గా ఉంటుంది. కంప మీద కొట్టినా, దేన్నైనా మీటి లేపబోయినా రెండు ముక్కలవుతుంది.

చాకుల్లో మూడు దారులు

కోత పనికి వచ్చేసరికి మన దగ్గర ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరికే, నమ్మదగిన పేర్లు మూడు: స్వీడన్‌లోని మోరా ఊరి పేరుతో వచ్చే మోరా చాకు, ఫ్రాన్స్ ఒపినెల్, స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్. మూడూ వాళ్ల దేశాల్లో కూలివాళ్లు, రైతులు కొనే చవక రకాలే. ఇక్కడికి వచ్చేసరికి ధర పెరుగుతుంది. అయినా పెట్టిన రూపాయికి తగిన పనే చేస్తాయి, ఎందుకంటే వీటిలో ఉక్కును కాల్చే పద్ధతి ప్రతి కత్తికీ ఒకేలా ఉంటుంది.

మోరా కంపానియన్ మడవని చాకు. అంచు పది సెంటీమీటర్ల పైచిలుకు, మందం 2.5 మిల్లీమీటర్లు. హెచ్‌డీ అన్న రకం 3.2 మిల్లీమీటర్లు, అది మనకు అక్కర్లేదు. రబ్బరులాంటి పిడి చెమట చేతిలోనూ జారదు. యాట కోసేటప్పుడు కొవ్వంటిన చేతిలో కూడా పట్టు నిలుస్తుంది. అంచు నిర్మాణం దీని బలం, బలహీనత రెండూ. బ్లేడు సగం వెడల్పు నుంచి అంచు దాకా ఒకే ఏటవాలు ఉంటుంది. ఆ ఏటవాలును రాయి మీద ఆనించి రుద్దితే చాలు, కోణం దానంతట అదే కుదురుతుంది. కొత్తగా నూరడం నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే తేలికైన చాకు లేదు. కానీ ఆ పలుచటి అంచు ఎముక మీదా, ఎండిన గట్టి కట్టె మీదా నిలవదు. తోక పిడి చివరిదాకా పోదు కాబట్టి వెన్ను మీద కర్రతో మోది కట్టెలు చీల్చే పనికి దీన్ని వాడొద్దు.

ఒపినెల్ 8వ నంబరు మడత చాకు. అంచు 8.5 సెంటీమీటర్లు, బీచ్ కర్ర పిడి, మెడ దగ్గర తిప్పే ఉక్కు ఉంగరం. 1955లో వచ్చిన ఆ ఉంగరం తిప్పితే చాకు కోసేటప్పుడు వేళ్ల మీదికి మూసుకోదు. జేబులో బరువు తెలియదు. పండ్లు కోయడంలో మూడింట్లో ఇదే మొదటిది. దీనికి శత్రువు మన వానాకాలం. తేమకు కర్ర ఉబ్బి బ్లేడు గాడిలో బిగుసుకుపోతుంది, గోటితో లాగితే రాదు. పిడి వెనక కొసను చెక్క మీద చిన్నగా తట్టితే బ్లేడు మొన బయటికి వస్తుంది, అక్కడ పట్టుకుని తీయాలి. కొనగానే పిడికి రెండు మూడు పూతలు అవిసె నూనె పట్టించి, ఒక్కో పూత పూర్తిగా ఆరనిస్తే ఈ బాధ చాలా తగ్గుతుంది. నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి పారేయొద్దు, అవిసె నూనె గుడ్డలు తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టండి. ఇక మాంసం పనికి ఒపినెల్ తగదు, కీలు సందులోకి కొవ్వు, రక్తం పోతే కడగడం కష్టం.

విక్టోరినాక్స్ అనగానే అందరికీ ఎర్ర మడత చాకే గుర్తొస్తుంది. రంపం ఉన్న రకం కొంటే నాలుగు సెంటీమీటర్ల కొమ్మను శుభ్రంగా కోస్తుంది. స్క్రూడ్రైవరు, కత్తెర మోటారు స్టార్టరు డబ్బా దగ్గర అక్కరకొస్తాయి, ఫ్యూజు తీసి కరెంటు ఆపిన తర్వాతే సుమా. కానీ 91 మిల్లీమీటర్ల రకాల్లో పెద్ద బ్లేడుకు తాళం ఉండదు. మొనతో గుచ్చే పని చేస్తే వేళ్ల మీద మూసుకుంటుంది.

ధర, పని రెండూ కలిపి చూస్తే మా లెక్కలో అందరికంటే ముందు నిలిచేది ఆ ఎర్ర చాకు కాదు. అదే కంపెనీ వంటింటికి చేసే 8 సెంటీమీటర్ల చిన్న కత్తి. ధర వందల్లోనే. అర శాతం కార్బన్, 15 శాతం క్రోమియం ఉన్న స్టెయిన్‌లెస్ ఉక్కు, గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 56 దగ్గర. అంటే పదును త్వరగా పోతుంది, అంతే త్వరగా తిరిగి వస్తుంది. బ్లేడు చాలా పలుచన కాబట్టి పదును తగ్గాక కూడా తెగుతూనే ఉంటుంది. దీనికి లేనిది ఒర ఒక్కటే, దాని ఉపాయం చివర్లో చెబుతాం.

బత్తాయి తోటల వాళ్లకు ప్రత్యేకంగా

క్రోమియం కలపని కార్బన్ ఉక్కా, స్టెయిన్‌లెస్సా అన్న వాదన తోటల్లో తేలిగ్గా తెగిపోతుంది. బత్తాయి, నిమ్మ రసంలోని పులుపు కార్బన్ ఉక్కును గంటల్లో నల్లబరుస్తుంది. అంతకంటే పెద్ద శత్రువు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్). బంక తెగులు పట్టిన చెట్టుకు కుళ్లిన బెరడును పచ్చి బెరడు కనిపించేదాకా చెక్కి, బోర్డో పేస్టు పూస్తాం. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు దాని పాళ్లు. మైలుతుత్తం ద్రావణం ఇనుమును తినేస్తుంది, ఇనుము కరిగి దాని మీద రాగి పేరుకుంటుంది. ఇనుప బకెట్లో బోర్డో కలపొద్దనేది ఈ కారణానికే. ఆ చేత్తోనే, ఆ తడితోనే కార్బన్ చాకు ముట్టుకుంటే అంచు మీద గుంటలు పడతాయి. కాబట్టి తోటలో స్టెయిన్‌లెస్ చాకే వాడాలి. అది కూడా పని కాగానే మంచినీళ్లతో కడిగి తుడవాలి. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు తక్కువ పట్టేదే గానీ అసలు పట్టనిది కాదు.

ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయేటప్పుడు బ్లేడును 70 శాతం స్పిరిటుతో తుడిస్తే తెగులు మోసుకుపోరు. బ్లీచింగు నీళ్లు కూడా క్రిములను చంపుతాయి. కానీ వాటిలోని క్లోరిన్ స్టెయిన్‌లెస్‌ను సైతం చుక్కలు చుక్కలుగా కొరుకుతుంది, వాడితే వెంటనే కడగాల్సిందే.

కన్ను అంటు కట్టడానికి మాత్రం ఈ చాకులేవీ వద్దు. ఒకవైపే ఏటవాలు ఉండి రెండోవైపు చదునుగా ఉండే అంటుకత్తి విడిగా దొరుకుతుంది. చదును వైపు కోత సమతలంగా వస్తుంది, కన్ను వేరుమొక్క చెక్కకు సందు లేకుండా ఆనుతుంది. రెండువైపులా ఏటవాలున్న చాకుతో కోస్తే ఆ ముఖం కొద్దిగా ఉబ్బెత్తుగా వచ్చి, నడుమ గాలి నిలిచి కన్ను ఎండుతుంది.

డ్రిప్పు 16 మిల్లీమీటర్ల లేటరల్ పైపు కోతకూ పలుచటి చాకే కావాలి. మందపాటి కత్తితో వంకరగా తెగితే జాయినరు సరిగా కూర్చోక నీరు కారుతుంది. అంచున లేచిన ప్లాస్టిక్ పొట్టు లోపలికి పోయి చుక్కల రంధ్రాన్ని మూసేస్తుంది.

ఇంటి దగ్గరే పరీక్షించండి

రెండు చాకుల్లో ఏది మేలో తేల్చాలంటే రెండింటినీ ముందు ఒకే రాయి మీద, ఒకే కోణంలో మీరే నూరాలి. ఫ్యాక్టరీ పదునును పోల్చి లాభం లేదు, అది మొదటి వారంతో పోయేదే. తర్వాత బొటనవేలంత నార తాడును చెక్క మీద పెట్టి ముక్కలు కోస్తూ పోండి. ప్రతి పది కోతలకూ పాత పేపరు గాల్లో పట్టుకుని కోసి చూడండి. పేపరు చిరగడం మొదలైన కోత నంబరు రాసుకోండి. తాడు ఒకే కట్టలోది కావాలి, మట్టి అంటి ఉండకూడదు. ఇసుక రేణువు ఒక్కటి చాలు లెక్క తప్పడానికి. యూరియా బస్తాల కుట్లు, మట్టిలో పడున్న సుతిలి కోసేవాళ్ల చాకులు త్వరగా మొద్దుబారేది కూడా ఉక్కు తప్పు వల్ల కాదు, ఆ ఇసుక వల్ల.

రెండో పరీక్షకు ఇత్తడి కడ్డీ కావాలి. అంచును ఏటవాలుగా దాని మీద ఆనించి, అంచు కొద్దిగా వంగేంత మాత్రం నొక్కి ముందుకు జరపండి. వెలుతురుకు ఎదురుగా చూస్తే వంపు కనిపిస్తుంది. వంగి తిరిగి నిటారుగా వస్తే వేడి సరిగ్గా పడింది. వంగి అట్లాగే ఉండిపోతే మెత్తది, చిన్న పెచ్చు ఎగిరితే పెళుసు. బ్లేడు మీద అచ్చువేసిన ఉక్కు నంబరు కంటే ఈ పరీక్షే నిజం చెబుతుంది. 8సీఆర్13 లాంటి మామూలు ఉక్కును బాగా కాల్చి చేసిన చాకు, సరిగా కాల్చని డీ2 రకం ఉక్కు చాకును మించుతుంది. పైగా డీ2లో కార్బన్ ఒకటిన్నర శాతం. మామూలు రాయి మీద దాన్ని నూరడం సహనానికి పరీక్షే, వజ్రపు పొడి అంటించిన పలక కావాలి. అది కొనే ఉద్దేశం లేకపోతే డీ2 జోలికి పోవద్దు.

వెన్ను మీద రంపం, పిడిలో దిక్సూచి, పిడి డొల్లలో గాలపు దారం పెట్టి అమ్మే సర్వైవల్ కత్తులను ఏ ధరకూ కొనొద్దు. పిడి డొల్లగా ఉందంటే తోక లేదని అర్థం. మొత్తం బలం మెడ దగ్గర చిన్న బోల్టు మీదో అతుకు మీదో ఉంటుంది, గట్టి దెబ్బకు బ్లేడు ఊడి ఎగురుతుంది. వెన్ను రంపం కట్టె కోయదు, మీ అరచేతిని మాత్రం వెన్ను మీద పెట్టనివ్వదు.

డమాస్కస్ అని మెలికల గీతలతో అమ్మేవాటిది ఇంకో కథ. అవి రెండు రకాల ఉక్కును పొరలుగా అతికి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చినవి. మరీ చవకవాటిలో గీతలు పైపూతే. పేరుగన్న ఆ పాత డమాస్కస్ ఖడ్గాలకు ఉక్కు పోయింది మన దేశం నుంచే. నిజామాబాద్ దిక్కు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పర్షియా దాకా ఎగుమతి అయ్యేది. ఇంగ్లిషువాళ్లు దాన్ని పిలిచిన ఊట్జ్ అన్న పేరు మన దక్షిణాది ఉక్కు మాటలోంచి వచ్చిందే. దానికీ ఈ గీతల కత్తులకూ సంబంధం లేదు, గీతలకు అదనంగా డబ్బు పెట్టొద్దు.

సాన

సైకిలు సాన బండి మీదో గ్రైండరు మీదో పలుచటి చాకు పట్టించొద్దు. నిప్పురవ్వలు రాలే వేగానికి అంచు ఒక్క క్షణంలో 300 డిగ్రీలు దాటుతుంది. అంచు నీలం తిరిగిందంటే ఆ మేర ఉక్కు మెత్తబడినట్టే, నీలమంతా అరిగిపోయేదాకా పదును నిలవదు. కమాను కత్తికి పెద్ద పెచ్చు పోతే గ్రైండరు తప్పదు. అప్పుడు రెండు సెకన్లకోసారి నీళ్లలో ముంచుతూ, అంచు వేలికి వెచ్చగా తగలకుండా చూసుకోవాలి.

మిగతాదంతా హార్డ్‌వేర్ షాపులో దొరికే, ఒకవైపు గరుకు ఇంకోవైపు నునుపు ఉన్న కార్బొరండం రాయితో అయిపోతుంది. కోణానికి లెక్క తేలిక. బ్లేడు వెడల్పులో మూడో వంతు ఎత్తుకు వెన్నును లేపితే దాదాపు 20 డిగ్రీలు, నాలుగో వంతుకు లేపితే 15 డిగ్రీల లోపు. చాకుకు నాలుగో వంతు, రోజూ మొరటుగా వాడేదైతే మూడో వంతు. కమాను కత్తికి అంతకంటే కొంచెం ఎక్కువే లేపాలి. ఒకవైపు రుద్దుతూ రెండోవైపు అంచంతటా వేలికి గరుకు తగిలాకే తిప్పాలి. ఆ గరుకు రాకముందే వైపులు మార్చడం వల్లే ఎంత నూరినా పదును రాలేదన్న ఫిర్యాదు. చివర్లో పాత తోలు బెల్టు లోపలి ముఖం మీద, అంచు వెనక్కి ఉండేలా పదిసార్లు లాగితే ఆ గరుకు రాలిపోతుంది.

కార్బన్ ఉక్కుకు వాడిన ప్రతిసారీ నూనె చేయి పెట్టాలి. తినే వస్తువులు కోసేదానికి కొబ్బరినూనె, లేకపోతే కుట్టుమిషను నూనె. కుసుమ నూనె, పల్లినూనె వద్దు, ఆరి బంకలా మారి దుమ్ము పట్టుకుంటాయి. తోలు ఒరలో కత్తిని వానాకాలమంతా ఉంచొద్దు, తోలు తేమను పట్టి బ్లేడుకు అంటిస్తుంది.

చట్టం మాట

ఆయుధాల చట్టం కింది నిబంధనలు 9 అంగుళాల కంటే పొడవో 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న బ్లేడును ఆయుధాల జాబితాలో చూస్తాయి. ఇంటి, వ్యవసాయ, పారిశ్రామిక పనులకు చేసినవి అందులోకి రావు. కమాను కత్తిని చెలకకు తీసుకుపోవడం ఒకటి, బండి మీద పట్నంలో తిప్పడం ఒకటి. బ్లేడు 22 సెంటీమీటర్లకు మించకుండా చేయించుకోమన్నది అందుకు కూడా.

అడవి సంగతి ఇంకా గట్టిది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి ఆయుధంతో పోవాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి ఉండాలి. ఆ చట్టంలో ఆయుధం నిర్వచనంలోనే కత్తులు అన్న మాట ఉంది, పొడవు మినహాయింపు లేదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మల్లెలతీర్థం చూడబోయినా, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు నడిచినా చాకు ఇంట్లోనే ఉంచాలి, ఒపినెల్ అయినా సరే. అడవిలో పాము కరిస్తే పనికొస్తుందని పెట్టుకునేవాళ్లున్నారు. కాటు మీద కత్తి పెట్టడం వల్ల విషం బయటికి రాదు, రక్తస్రావం పెరుగుతుంది. కాలు కదపకుండా ఆస్పత్రికి చేర్చడమే చేయాల్సింది.

ఇక ఆ వంటింటి కత్తికి ఒర. 20 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్కను బ్లేడు కంటే రెండు సెంటీమీటర్లు ఎక్కువ పొడవు కోయండి. మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది. మంట మీద కాల్చొద్దు, మాడితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు హాని. బ్లేడు ఆకారంలో, దానికంటే కొంచెం మందంగా చెక్కిన కట్టెముక్కను లోపల దూర్చి, రెండు పలకల నడుమ నొక్కి, నొక్కిన చోటే చల్లనీళ్లు పోయండి. సుమారు 3 సెంటీమీటర్ల వెడల్పున చదునుగా గట్టిపడుతుంది. మూతి దగ్గర మాత్రం కొద్దిగా బిగువుగా నొక్కితే పిడి మెడ అక్కడ ఆగి, వంగినా చాకు జారదు. అడుగు భాగం పూర్తిగా మూయకండి, నీళ్లు కారడానికి సందు ఉండాలి. పైన రెండు రంధ్రాలు వేసి నైలాన్ తాడు కడితే నడుముకు వేలాడుతుంది.